పూడికతీత: కోలారు చెరువుల నుంచి విశాఖ రేవు దాకా

కోలారు జిల్లాలో ఏడాది పొడవునా పారే నది లేదు. నందికొండల్లో పుట్టే పాలారు కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు మీదుగా బంగాళాఖాతం చేరుతుంది కానీ, ఇక్కడ అది వానాకాలపు ఏరే. కాబట్టి సేద్యానికి గొలుసుకట్టు చెరువులే దిక్కు. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది. అడుగున ఒండ్రు పేరుకున్న కొద్దీ నిల్వ తగ్గుతుంది, బావులూ ఎండుతాయి. తీసిన ఒండ్రు పొలానికి బలం.

కేజీఎఫ్‌ (కోలారు గోల్డ్ ఫీల్డ్స్) కథ వేరు. అక్కడ జాన్ టేలర్ కంపెనీ 1880లో మొదలుపెట్టిన గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. బంగారం తీయగా మిగిలిన 3 కోట్ల టన్నులకు పైగా మెత్తటి వ్యర్థం ‘సైనైడ్ గుట్టలు’గా నిలిచిపోయింది. అది గాలికి ఎగురుతుంది, వానకు వాగుల్లోకి కొట్టుకొస్తుంది. అలాంటి చోట పూడికను పరీక్షించకుండా పొలాలకు తోలడం ప్రమాదం. గుట్టలను కదలకుండా కట్టడి చేయకుండా చెరువులు తవ్వడం వృథా ఖర్చని నా అభిప్రాయం.

2018 నుంచి కేసీ వ్యాలీ పథకం బెంగళూరులో శుద్ధిచేసిన మురుగునీటిని కోలారు చెరువులకు పంపుతోంది. తెలంగాణలో చెరువుల పునరుద్ధరణకు మిషన్ కాకతీయ 2015లో మొదలైంది.

చెరువుల్లాగే రేవుల్లోనూ పూడిక తీయాలి. అందుకోసం కేంద్రం 1976లో డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాను స్థాపించింది. దాని ప్రధాన కార్యాలయం విశాఖపట్నంలో ఉంది. 2019లో విశాఖ, పారాదీప్, జవహర్‌లాల్ నెహ్రూ, దీనదయాళ్ రేవులు అందులో కేంద్రం వాటాను కొన్నాయి.