కండబలము – గుండెబలము

హైదరాబాదు నగరమునకు తూర్పుదిక్కున, మూసీనది యొడ్డున నాగోలు ఉన్నది. ఒకప్పుడిది పల్లె, నేడు నగరములో కలిసిపోయినది. 2017వ సంవత్సరము నవంబరు నెలలో నాగోలు నుండి మియాపూరు వఱకు 30 కిలోమీటర్ల పొడవున మెట్రోరైలు నడవసాగినది. దానితో ఈ ప్రాంతమువారికి ప్రయాణపు శ్రమ తగ్గినది; కాళ్లకు పని కూడ తగ్గినది. పూర్వము పొలము దున్నువారును, బావినుండి నీళ్లు మోయువారును, మూట నెత్తిన పెట్టుకొని అంగడికి నడచువారును వేఱుగా వ్యాయామము చేయవలసిన అవసరము లేకుండెను. బరువులెత్తుటయు, దూరము నడచుటయు వారి పనిలోనే కలిసియుండెను. నేటి నగరవాసి దినములో ఎక్కువ భాగము కుర్చీలో గడపును. కనుక ఆ రెంటిని అతడు గడియారము చూచుకొని, విడివిడిగా సంపాదించుకొనవలసి వచ్చినది.

ఈ కారణముననే నాగోలు, ఉప్పల్, నాచారము ప్రాంతములలో తెల్లవాఱునప్పటికి రెండు తెగలవారు కనబడుదురు. మొదటి తెగవారు చెమట పట్టునట్లు వడివడిగా నడచువారు. వీరిలో నడివయస్సు దాటినవారే ఎక్కువ. రెండవ తెగవారు యువకులు. జిమ్ము అని వ్యవహరింపబడు వ్యాయామశాలలో ఇనుప బరువులెత్తుచుందురు. బరువులెత్తుట పహిల్వానుల పని అని నడచువారి తలంపు. నడక ముసలివారి పని అని యువకుల తలంపు. ఇరువురి మాటలోను సగమే నిజము.

శరీరమునకు ఒక స్వభావము కలదు. దానిని ఏ పని అడిగినచో ఆ పనికి తగిన శక్తినే అది సమకూర్చుకొనును. అడుగనిదానిని ఊరక ఇయ్యదు. బరువులెత్తు పని అడుగునది వేఱు, పరుగు అడుగునది వేఱు.

శ్రీకాకుళము జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి 2000వ సంవత్సరము సెప్టెంబరు 19వ తేదీన సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో, 69 కిలోల తరగతియందు పోటీ చేసెను. ఒక్క ఊపున తలపైకెత్తు పోటీలో 110 కిలోలును, మొదట భుజములపైకిని తరువాత తలపైకిని ఎత్తు పోటీలో 130 కిలోలును, మొత్తము 240 కిలోలు ఎత్తి కాంస్యపతకము గెలుచుకొనెను. ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారత మహిళ ఆమెయే. అట్టి ఎత్తు ఒక్కొక్కటి కొన్ని క్షణములలో ముగియును. అంతలో ఊపిరి లోనికి పోయి, రక్తములో కలిసి, కండను చేరుటకు వ్యవధి ఉండదు. కండ తనలో ముందుగా దాచుకొన్న ఇంధనమునే వెచ్చించును. ఇంకొక విశేషము: బరువులెత్తుట కొత్తగా మొదలిడిన వారికి తొలి వారములలో కండ పెద్దగా పెరుగదు, అయినను బలము పెరుగును. కండలోని పోగులను ఒక్కుమ్మడిగా పనిలోనికి దింపుటను మెదడు, నరములు అప్పుడే నేర్చుకొనుచుండును. కండ పెరుగుట ఆ పిమ్మట. ఇది తెలియనివారు అద్దములో తమ చేతులను చూచుకొని, నిరాశపడి, ఈ దశలోనే మానివేయుదురు. అంతకంటె తెలివితక్కువవారు సూదిమందులకు దిగుదురు. కండలను త్వరగా పెంచు స్టెరాయిడ్ మందులు గుండెను, కాలేయమును చెఱచును.

గుండెబలమనగా ధైర్యమని లోకమున వాడుక. ఇక్కడ దానిని ఉన్నదున్నట్లుగా గుండెయొక్క బలమనియే గ్రహింపవలెను. విశ్రాంతిగా ఉన్న మనుజుని గుండె నిమిషమునకు సుమారు 5 లీటర్ల రక్తమును పంపును. అతడు గట్టిగా పరుగెత్తునపుడు అదే గుండె 20 లీటర్లు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ పంపవలసియుండును. నెలల తరబడి పరుగు, ఈత, సైకిలు తొక్కుట వంటివి సాగించినచో గుండెలోని గది విశాలమగును. ఒక్కొక్క కొట్టుకు ఎక్కువ రక్తము వెడలును. అందుచే విశ్రాంతివేళ అది తక్కువ సారులు కొట్టుకొన్నను సరిపోవును. దూరపు పరుగువీరులలో పలువురి నాడి నిమిషమునకు 50 కంటె తక్కువగా ఉండుటకు కారణమిదియే. కండలలో సన్నని రక్తనాళములు కూడ పెంపొందును. వీనిలో ఏదియు బరువులెత్తుటచే అంతగా లభింపదు. అట్లే, ఎంత నడచినను భుజములకు, నడుమునకు బరువులవలన కలుగు బలము కలుగదు.

అయినచో రెంటిని కలిపి ఎంత చేసిన అంత మేలేనా? ఈ ప్రశ్నకు 1980వ సంవత్సరమున అమెరికా దేశమందు రాబర్ట్ హిక్సన్ అను శాస్త్రజ్ఞుడు ఆశ్చర్యకరమైన సమాధానము చూపెను. అతడు మూడు జట్లను ఏర్పఱచెను. మొదటి జట్టు వారమునకు 5 దినములు కాళ్లబలమునకై బరువులెత్తెను. రెండవ జట్టు వారమునకు 6 దినములు సైకిలు తొక్కుట, పరుగెత్తుట సాగించెను. మూడవ జట్టు రెండు పనులను పూర్తిగా చేసెను. ఇట్లు 10 వారములు జరిగినది. దమ్ము విషయమున మూడవ జట్టువారు రెండవ జట్టువారితో సమానముగా వృద్ధిపొందిరి. బరువులు వారికి అడ్డు కాలేదు. బలము విషయమున మాత్రము కథ మాఱినది. సుమారు 7 వారముల వఱకు వారి బలము మొదటి జట్టువారివలెనే పెరిగి, ఆగి, చివరి రెండు వారములలో తగ్గసాగినది. మొదటి జట్టువారి బలము మాత్రము చివరివఱకు పెరుగుచునే ఉండెను.

ఈ ఫలితమును విని, బరువులెత్తువాడు పరుగెత్తరాదని తీర్మానించినవారు కలరు. అది తొందరపాటు. మూడవ జట్టువారు వారమునకు 11 తడవలు కఠినమైన శ్రమ చేసిరి. అలసిన కండ తిరిగి కోలుకొనుటకు వారికి తీరిక ఎక్కడిది? తరువాతి కాలమున జరిగిన పరిశోధనలవలన, మితముగా చేయువారికి ఈ చిక్కు చాల స్వల్పమని తేలినది. కండ పెరుగుటకు పరుగు దాదాపు అడ్డురాదు. మెఱుపువలె ఒక్కసారిగా చూపవలసిన బలము మాత్రము కొంత తగ్గును. అదియు రెంటిని ఒకదాని వెంట ఒకటిగా చేసినపుడే. నడుమ కొన్ని గంటల వ్యవధి యిచ్చుట, లేక వేఱు దినములలో చేయుట మేలు. ఒకే పూట రెండును చేయక తప్పనిచో, దేనిని ముఖ్యముగా పెంపొందింపగోరుదురో దానిని ముందు చేయవలెను.

రెండు బలములు ఒకే మనుజునియందు ఎట్లు కలిసియుండునో చూడగోరువారు నాగోలు నుండి దూరము పోనక్కఱలేదు. సమీపముననే ఉప్పల్‌లో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ క్రికెట్ మైదానము కలదు. 2023వ సంవత్సరము జనవరి 18వ తేదీన, న్యూజీలాండు జట్టుపై అచ్చట జరిగిన పోటీలో, హైదరాబాదు బిడ్డయైన మహమ్మద్ సిరాజ్ 46 పరుగులిచ్చి 4 వికెట్లు పడగొట్టెను. వేగముగా బంతి వేయువాడు ముందుకాలిని నేలపై మోపినపుడు, తన శరీరపు బరువునకు ఎన్నోరెట్ల తాకిడిని ఆ ఒక్క కాలు భరింపవలెను. అది కండల పని. అట్టి బంతిని సాయంకాలము కూడ ఉదయమువలెనే వేయగలుగుట గుండె, ఊపిరితిత్తుల పని. 2025వ సంవత్సరమున ఇంగ్లండులో ఆడిన 5 టెస్టులలోను సిరాజ్ పాల్గొని, మొత్తము 185 ఓవర్లకు మించి వేసి, 23 వికెట్లు తీసెను. ఆగస్టు 4వ తేదీన ఓవల్ మైదానమున చివరి వికెట్టును పడగొట్టినది అతడే. భారతజట్టు 6 పరుగుల తేడాతో గెలిచినది. కండబలము మాత్రమే ఉన్నచో అన్ని ఓవర్ల పిమ్మట ఆ వేగము మిగిలియుండెడిది కాదు.

సామాన్యులకు ఇంత అవసరము లేదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020వ సంవత్సరమున ఒక కొలత నిర్ణయించినది. 5 మొదలు 17 సంవత్సరముల వయస్సువారు సగటున దినమునకు 60 నిమిషములు శరీరమును కదలించి శ్రమింపవలెను. కండలకు, ఎముకలకు బలమిచ్చు పనులు వారమునకు కనీసము 3 దినములు ఉండవలెను. పెద్దలకు వారమునకు 150 మొదలు 300 నిమిషముల వఱకు మధ్యరకపు శ్రమయు, 2 లేక అంతకంటె ఎక్కువ దినములు బలసాధనయు చెప్పబడినవి. మధ్యరకపు శ్రమ యనగా మాటలాడగలిగి, పాట పాడలేనంత వేగము. బాలబాలికలకు కబడ్డీ, ఖోఖో, పరుగుపందెములు మొదటి అవసరమును తీర్చును. రెండవదానికి ఇనుము కొననక్కఱలేదు. దండీలు, బస్కీలు చాలును. బరువులెత్తిన పిల్లలు పొట్టివారగుదురని కొందఱు భయపడుదురు. ఆ భయమునకు శాస్త్రాధారము లేదు. నేర్పువారు దగ్గఱ లేకుండ, పందెములు వేసుకొని, శక్తికి మించిన బరువునెత్తి నడుము చెఱుపుకొనుట మాత్రము నిజమైన ప్రమాదము.

నాగోలు మెట్రోస్టేషను మెట్లపై ఎవరికి ఏది కొఱతయో తేలిపోవును. కండలున్న యువకుడు పైకి చేరునప్పటికి రొప్పుచుండును. దినదినము నడచు పెద్దమనిషికి ఊపిరి చక్కగా ఆడును గాని మోకాళ్లు వణకును. ప్రక్కనే కదలెడు మెట్లుండుటచే ఈ పరీక్షకు కూర్చుండువారు తక్కువ.

వయస్సు మీఱినకొలది కండ తఱుగును. ఉదయమున దూరము నడచి వచ్చిన పెద్దలే, నేలపై కూర్చుండి లేచునపుడు చేయి ఊనుకొనుట ప్రతి యింటను కనబడును. అది వయస్సు చేయు పని, దానికి మందు లేదని చిరకాలము తలంచిరి. 1990వ సంవత్సరమున అమెరికాలో మరియా ఫియాటరోన్ అను వైద్యురాలు, వృద్ధాశ్రమమున ఉన్న 10 మంది చేత 8 వారములు కాళ్లతో బరువులెత్తించెను. వారి సగటు వయస్సు 90 సంవత్సరములు. ఒకరు నడుమ విరమించిరి. 9 మంది పూర్తి చేసిరి. వారి కాళ్లబలము సగటున రెండున్నర రెట్లకు మించినది. వారిలో ఇద్దఱు చేతికఱ్ఱ విడిచి నడచిరి.