నల్లరేగడిలో ముగ్గు పోసే ముందు

సంగం జాగర్లమూడి

చిరంజీవి లక్ష్మికి,

సెలవుల్లో ఇల్లు కట్టే పని దగ్గరుండి చూసుకుంటానన్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. మేస్త్రి వచ్చి ముగ్గు పోసేలోపు నువ్వు చేయవలసినవి రాస్తున్నాను.

మనది మాగాణి రేగడి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి ఈ పడమటి డెల్టాకు కృష్ణ నీళ్లు పారుతున్నాయి. కాలువ వదిలి నాట్లు పడ్డాక ఈ నేల తడి పీల్చి ఉబ్బుతుంది. మినుము తీశాక ఎండలకు కుంచించుకుపోయి బీటలు తీస్తుంది. మన చుట్టుపక్కల గోడల్లో కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పాకే పగుళ్లు చూశావు కదా, చాలావాటికి కారణం ఇదే. బరువు మోయడం ఒక్కటే కాదు, ఈ కదలికను తట్టుకోవడం కూడా పునాది పనే.

ముందు వరి దుబ్బులు, వేళ్లతో సహా జానెడు పైమట్టి తీయించు. వాటి మీదే మెరక తోలితే, అవి కుళ్లేకొద్దీ నేల దిగుతుంది. పాత బావి గానీ, బోదె గానీ పూడ్చిన చోటు ఉందేమో ఊళ్లో పెద్దవాళ్లను అడుగు. తర్వాత రెండు మూలల్లోనూ మధ్యలోనూ గుంటలు తీయించి, మట్టి ఎక్కడ మారుతోందో, నీరు ఎంత లోతులో ఊరుతోందో కొలిచి రాసుకో.

ఆ మట్టిని మీ కాలేజీ ల్యాబుకు తీసుకెళ్లు. ఆరబెట్టి, 425 మైక్రాన్ల జల్లెడ పట్టి, 10 గ్రాముల చొప్పున రెండు గాజు జాడీల్లో వెయ్యి. ఒకదాంట్లో నీళ్లు, రెండోదాంట్లో కిరోసిన్ 100 మిల్లీలీటర్ల దాకా పొయ్యి. బుడగలు పోయేలా కలిపి 24 గంటలు కదపకుండా ఉంచు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. అందులో 10 మిల్లీలీటర్ల గీత దగ్గర, నీళ్లలో 16 దగ్గర నిలిచిందనుకో, ఉబ్బు 60 శాతం. 50 దాటిందంటే మామూలు పునాది మాట పక్కన పెట్టి ఇంజనీరును కలవాలి.

రేగడి లోతుగా ఉంటే అండర్ రీమ్డ్ పైల్స్ వేస్తారు. మూడున్నర మీటర్ల లోతుకు దింపి, అడుగున బుడ్డలా వెడల్పు చేస్తారు. అంత లోతున తడి ఏడాది పొడవునా పెద్దగా మారదు కాబట్టి పైల్ అక్కడ పట్టు చిక్కించుకుంటుంది. పైన వేసే బీము నేలకు ఆనకూడదు. కింద కనీసం 80 మిల్లీమీటర్లు ఖాళీ వదలాలి. లేకపోతే ఉబ్బిన మట్టి దాన్ని పైకి తోస్తుంది.

మెరకకు రేగడి వాడనివ్వకు. గ్రావెల్ తోలించి, జానెడు మందాన పరిచి, తడిపి, దిమ్మిస కొట్టాకే రెండో పొర వేయించు. వాన నీరు గోడల వైపు రాకుండా నాలుగు వైపులా వాలు పెట్టించు.

ముగ్గు పోసేటప్పుడు మూలమట్టం నువ్వే సరిచూడు. మూల నుంచి ఒక దారం మీద 3 మీటర్లు, రెండో దాని మీద 4 మీటర్లు కొలిస్తే ఐమూల సరిగ్గా 5 మీటర్లు రావాలి. తవ్విన పునాదులను ఎండకూ వానకూ వదిలేయక, వెంటనే బెడ్ కాంక్రీటు వేయించు.

గుంటల కొలతలు, ల్యాబు లెక్కలు ముందు నాకు పంపు. అవి చూశాకే మేస్త్రికి కబురు పెడదాం.

ఇట్లు,
నీ మామయ్య