అలర్జీ రాకముందే ఆపే చదువులు

పల్లీలు తిని ప్రాణం మీదికి తెచ్చుకునే పిల్లలు ఉంటారంటే అనంతపురం జిల్లాలో చాలామంది నమ్మరు. లండన్‌లోనో మెల్‌బోర్న్‌లోనో పిల్లల్ని బడికి పంపే తల్లులకు మాత్రం అది రోజూ ఉండే భయం. ఒకే గింజ ఇక్కడ చిరుతిండి, అక్కడ ప్రమాదం ఎలా అయ్యింది? ఈ ప్రశ్నను వదలకుండా పట్టుకున్నవాళ్లే చాలామంది పసిపిల్లలకు పల్లీ అలర్జీ రాకుండా చూసే మార్గం కనిపెట్టారు. బైపీసీ చదివి, ఎంబీబీఎస్ సీటు రాలేదని దిగులుపడే విద్యార్థులు ఈ సంగతి తెలుసుకోవాలి. ఎందుకంటే ఆ పని చేసినవాళ్లలో డాక్టర్లు కొందరే.

లండన్ కింగ్స్ కాలేజీలో పిల్లల అలర్జీ నిపుణుడైన గిడియన్ లాక్ ఒకసారి ఇజ్రాయెల్‌లో ఉపన్యసిస్తూ, పల్లీ అలర్జీ ఉన్న పిల్లలు మీ దగ్గరికి వస్తుంటారా అని అక్కడి డాక్టర్లను అడిగారు. చేతులెత్తినవాళ్లు ఇద్దరో ముగ్గురో. బ్రిటన్‌లో అయితే దాదాపు అందరూ ఎత్తేవారు. తేడా ఎక్కడుంది? ఇజ్రాయెల్‌లో పిల్లలకు ఏడాది నిండకముందే ‘బాంబా’ అనే పల్లీ చిరుతిండి అలవాటు చేస్తారు. లాక్ బృందం రెండు దేశాల్లోని యూదు పిల్లలను పోల్చి చూసింది. 2008లో వెలువడిన ఫలితాల ప్రకారం పల్లీ అలర్జీ బ్రిటన్ పిల్లల్లో 1.85 శాతం, ఇజ్రాయెల్ పిల్లల్లో 0.17 శాతం.

అప్పటిదాకా వైద్యులు చెబుతూ వచ్చింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. అలర్జీ ముప్పు ఎక్కువున్న పిల్లలకు మూడేళ్లు వచ్చేవరకు పల్లీ పెట్టవద్దని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2000లో సూచించింది. ఆ సలహాను పరీక్షకు పెట్టాలంటే ధైర్యం కావాలి, ఓపికా కావాలి. తీవ్రమైన ఎగ్జిమా (దురద పుట్టించే చర్మవ్యాధి) గానీ గుడ్డు అలర్జీ గానీ ఉన్న 4 నుంచి 11 నెలల పిల్లలు 640 మందిని తీసుకుని, లాక్ బృందం లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేసింది. ఒక జట్టు అయిదేళ్లు వచ్చేదాకా పల్లీ పదార్థాలు తింటూనే ఉంది, మరో జట్టు ముట్టలేదు. మొదట్లో చర్మపరీక్షలో పల్లీకి స్పందించని పిల్లల్లో, తిననివారిలో 13.7 శాతానికి అలర్జీ వచ్చింది. తిన్నవారిలో 1.9 శాతానికే. 2015లో ఈ ఫలితాలు వచ్చాక, 2017లో అమెరికా మార్గదర్శకాలు మారాయి. (ఎగ్జిమా ఉన్న పిల్లలకు డాక్టర్‌ను అడగకుండా ఇంట్లో ఈ ప్రయోగం చేయకండి. పసిపిల్లలకు గింజలు గింజలుగా ఎప్పుడూ పెట్టకూడదు, గొంతుకు అడ్డుపడతాయి.)

ఈ ఒక్క అధ్యయనంలో ఎందరి చదువులు కలిశాయో చూడండి. చర్మపరీక్షలు చేసిన నర్సులు, ఏం పెట్టాలో ఎంత పెట్టాలో తల్లులకు నేర్పిన డైటీషియన్లు, రక్తంలో ఐజీఈ అనే యాంటీబాడీని కొలిచిన ల్యాబ్ సిబ్బంది, లెక్కలు తేల్చిన స్టాటిస్టిక్స్ నిపుణులు. తల్లిదండ్రులు చెప్పింది నిజమేనా అని చూడటానికి పిల్లల పక్క మీది దుమ్ములో పల్లీ ప్రొటీన్ ఎంతుందో కూడా పరీక్షించారు. నాకు బాగా నచ్చిన వివరం ఇదే.

అందుకే కోర్సు పేరు ఎంచుకునే ముందు మిమ్మల్ని వదలని ప్రశ్న ఏమిటో తేల్చుకోమంటాను.

శరీరం లోపల ఏం జరుగుతుందన్నదే మీ ప్రశ్న అయితే ఇమ్యునాలజీ వైపు వెళ్లండి. ఆహారం నోటి ద్వారా అందితే శరీరం దాన్ని అలవాటు చేసుకుంటుంది, ఎగ్జిమాతో దెబ్బతిన్న చర్మం గుండా చేరితే శత్రువుగా గుర్తిస్తుంది అన్నది లాక్ ప్రతిపాదన. చర్మానికి రక్షణగా ఉండే ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ జన్యువులో లోపాలుంటే ఎగ్జిమా ముప్పు పెరుగుతుందని 2006లో స్కాట్లాండ్‌లోని డండీ శాస్త్రవేత్తలు చూపించారు. ఇక మన ఇళ్లకు రండి. పసిపిల్లలకు గానుగ నూనె రాసి, శనగపిండితో నలుగు పెడతాం. శుద్ధి చేసిన నూనె కన్నా గానుగ నూనెలో గింజ ప్రొటీన్ ఎక్కువ మిగులుతుంది, శనగకు అలర్జీ వచ్చేవారూ ఉన్నారు. ఎగ్జిమా ఉన్న చర్మం మీద నలుగు ఏం చేస్తుంది? నలుగు పెట్టించుకుని పెరిగిన విద్యార్థికే తట్టే పీహెచ్‌డీ ప్రశ్న ఇది.

దీనికి దారి లైఫ్ సైన్సెస్‌లో ఎమ్మెస్సీ. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట్లకు సీయూఈటీ-పీజీ, ఐఐటీలకు జామ్, బయోటెక్నాలజీకి గ్యాట్-బి రాయాలి. తర్వాత సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ లేదా డీబీటీ పరీక్షతో జేఆర్‌ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, ఆపైన రూ.42,000, ఇంటి అద్దె భత్యం అదనం. పీహెచ్‌డీకి అయిదేళ్లు పడుతుందనుకోండి. ఇంట్లో డబ్బు అవసరం ఎక్కువగా ఉన్నవారు ఈ లెక్క ముందే వేసుకోవాలి. ఢిల్లీలోని ఐజీఐబీ, వల్లభ్‌భాయ్ పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌లకు అలర్జీ పరిశోధనలో అనుభవం ఉంది.

ఎవరికి వస్తోంది, ఎక్కడ వస్తోంది అన్నది మీ ప్రశ్న అయితే ఎపిడెమియాలజీ. బీడీఎస్, నర్సింగ్, ఫార్మసీ చదివినవాళ్లకూ ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) తలుపులు తెరిచే ఉంటాయి. హైదరాబాద్‌లో ఐఐపీహెచ్, చెన్నైలో ఐసీఎంఆర్-ఎన్‌ఐఈ ఉన్నాయి. ఇలాంటి ప్రశ్నతోనే మెల్‌బోర్న్‌లో అయిదు వేలకు పైగా ఏడాది పిల్లలను పరీక్షిస్తే, పదిమందిలో ఒకరికి పైగా ఆహార అలర్జీ తేలింది. తూర్పు ఆసియా నుంచి వలస వచ్చిన తల్లిదండ్రుల పిల్లల్లో అది మరీ ఎక్కువ. అక్కడ స్థిరపడుతున్న తెలుగు కుటుంబాలు కూడా పట్టించుకోవాల్సిన విషయమిది.

బోటనీ వాళ్లు తమకు చోటు లేదనుకోవద్దు. వయ్యారిభామ పుప్పొడితో తుమ్ములు, ఆకు తగిలితే చర్మమంతా దురద. ఏ పుప్పొడి ఏ నెలలో గాలిలో ఎంతుంటుందో లెక్కించేది వృక్షశాస్త్రం చదివినవాళ్లే. కోల్‌కతాలోని బోస్ ఇన్‌స్టిట్యూట్‌లో పుప్పొడి అలర్జీ మీద చాలా పని జరిగింది. పోషకాహారం ఇష్టమైతే మన తార్నాకలోని ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) ఉంది.

ఏ దారిలో వెళ్లినా స్టాటిస్టిక్స్ నేర్చుకోక తప్పదు. డిగ్రీలోనే ‘ఆర్’ సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టండి, ఉచితంగానే దొరుకుతుంది. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌కు డిగ్రీలో ఉండగానే దరఖాస్తు చేయవచ్చు. ఎంపికైతే రెండు నెలలు ఒక శాస్త్రవేత్త ల్యాబ్‌లో పనిచేస్తారు. ఆ దరఖాస్తులో మీ ఆసక్తి గురించి రాయమన్నచోట ‘అలర్జీ అంటే ఇష్టం’ అని ఊరుకోకండి. మీ ఊళ్లో మీరు ఏం చూశారో, దాన్ని ఎలా కొలవవచ్చని మీకు అనిపిస్తోందో రాయండి.