పాపకు కొత్త వీణ ఇప్పుడే కొనాలా?

ప్రశ్న: మా పాపకు తొమ్మిదేళ్లు. ఆరు నెలలుగా వీణ నేర్చుకుంటోంది. బొబ్బిలి నుంచి కొత్త వీణ తెప్పిద్దామంటే మావారు అంత డబ్బా అంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక తల్లి, బిట్రగుంట

జవాబు: అమ్మా, మీ ఆశా న్యాయమే, మీవారి భయమూ న్యాయమే. ఈ ఏడాదికి అద్దె వీణో, గురువుగారు చూసి బాగుందన్న పాత వీణో చాలు. పాప చేయి ఇంకా ఎదుగుతోంది. అలాగని నాసిరకం వీణ ఇవ్వకండి. శ్రుతి నిలవకపోతే చెవి తప్పు స్వరానికి అలవాటు పడుతుంది.

ఎవరూ చెప్పకుండానే రోజూ వాయించుకుంటుంటే అప్పుడు కొనండి. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి ఏకాండి వీణలు చేస్తారు. ధర ఆ పనితనానిదే. కొనేటప్పుడు గురువుగారిని వెంట తీసుకెళ్లండి. చెక్కకు పగుళ్లున్నాయేమో చూడండి. 24 మెట్ల మీదా ఒక్కొక్క స్వరం పలికించి వినండి. 4 వాయించే తీగలు, 3 తాళం తీగలు శ్రుతిలో నిలుస్తున్నాయో లేదో గమనించండి.

మీది సముద్రానికి దగ్గరి ఊరు. ఉప్పుగాలికి తీగలు తుప్పు పడతాయి, వాయించాక పొడిగుడ్డతో తుడవాలి. మెట్లను నిలిపేది మైనం, ఎండ తగిలితే మెత్తబడుతుంది. కిటికీ పక్కన పెట్టకండి.

అప్పు చేసి మాత్రం కొనకండి. "ఇంత పోసి కొన్నాం" అన్న మాట పిల్ల చెవిన పడితే వీణ బరువైపోతుంది. రోజూ పది నిమిషాలు పక్కన కూర్చుని వినండి, పాపకు అదే పెద్ద కానుక.