ఒరిజినల్స్ ఇస్తేనే సీటా?

ప్రశ్న: మాది చర్ల మండలం. అమ్మాయి ఇంటర్ పాసైంది. ఖమ్మంలోని ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీ తరఫు మనిషి వచ్చి ఆధార్, ఒరిజినల్స్ ఇస్తే సీటు ఖాయమంటున్నాడు. ఇవ్వొచ్చా?

జవాబు: ఇవ్వకండి.

తెలంగాణలో 2016 నుంచి ప్రైవేటు డిగ్రీ సీట్లు కూడా చాలావరకు ఆన్‌లైన్ ప్రవేశాల విధానమైన ‘దోస్త్’ ద్వారానే భర్తీ అవుతున్నాయి. మార్కులు, రిజర్వేషన్, ఆప్షన్ల వరుసను బట్టి కేటాయిస్తారు. ఆధార్‌తో దోస్త్‌లో నమోదు చేసేటప్పుడు ఫోన్‌కు వచ్చే ఓటీపీ చేతికొస్తే ఆ మనిషి తన కాలేజీ ఒక్కదాన్నే ఆప్షన్‌గా పెట్టేయగలడు.

ముందు అమ్మాయి ఆధార్‌కు మీ ఫోన్ నంబరు జత చేయించండి. మీసేవలో కుల, ఆదాయ పత్రాలు తీసుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంటుకు అవి కావాలి. భద్రాచలం ప్రభుత్వ డిగ్రీ కాలేజీనీ ఆప్షన్లలో చేర్చండి. సీటొచ్చాక గడువులోగా సెల్ఫ్ రిపోర్టింగ్ (ఆన్‌లైన్‌లో సీటు ఖరారు చేసుకోవడం) చేయకపోతే అది పోతుంది.

ఎవరైనా ఇప్పటికే ఆప్షన్లు పెట్టేసి ఉంటే వెంటనే దోస్త్ హెల్ప్‌లైన్ కేంద్రానికి వెళ్లండి.