లిస్టులో మానిటర్ ఏదిరా?

చి॥ బన్నీకి,



గేమింగ్ కంప్యూటర్‌కి నువ్వు పంపిన లిస్టు చూశాను. 14వ తరం ఐ7, 32 జీబీ ర్యామ్, రంగులు మారే ఆరు ఫ్యాన్ల క్యాబినెట్, దాంతో ఉచితంగా వచ్చే ఎస్‌ఎమ్‌పీఎస్, ఇవన్నీ పోగా మిగిలిన డబ్బుకి ఏ గ్రాఫిక్స్ కార్డు వస్తే అది. మానిటర్ మాటే లేదు. నాన్న పాత మానిటర్ ఉందిగా అంటావు. అది 60 హెర్ట్జ్‌ది. సెకనుకి 60 బొమ్మలకి మించి చూపించలేదు. లోపల కార్డు 150 గీసినా మిగతా తొంభై నీ కంటిదాకా రావు. అందుకే నీ లిస్టుని తిరగేసి రాద్దాం. ముందు స్క్రీన్, తర్వాత ఆడే ఆట, తర్వాత కార్డు, ఆ తర్వాతే ప్రాసెసర్.

మానిటర్ కూడా కలుపుకునే కదా లక్ష అన్నారు మీ నాన్న. ఆ డబ్బుకి 1080 స్క్రీనే పెట్టుకో, కానీ 144 హెర్ట్జ్‌కి తగ్గనివ్వకు. 1080 స్క్రీన్ మీద ఒక్కో బొమ్మలో సుమారు 20.7 లక్షల చుక్కలుంటాయి. 1440లో దాదాపు 37 లక్షలు, 4కేలో 83 లక్షలు. వాటన్నిటికీ రంగు లెక్కగట్టాల్సింది గ్రాఫిక్స్ కార్డే, అదీ సెకనుకి వందసార్లకి పైగా. స్క్రీన్ పెరిగితే కార్డు ఖర్చు ఎందుకు ఎగబాకుతుందో నీకిప్పుడు అర్థమై ఉంటుంది. దుకాణంలో ఎవరైనా ‘కొంచెం వేస్తే 4కే వస్తుంది సార్’ అంటే నవ్వి ఊరుకో.

ఇక ఆటలు. నువ్వు రోజూ ఆడే వాలరెంట్ మామూలు మెషీన్ల మీద కూడా నడవాలని చేసిన ఆట. కార్డుని పెద్దగా కష్టపెట్టదు, ప్రాసెసర్ మీదే ఎక్కువ ఆధారపడుతుంది. నువ్వు ఆశపడుతున్న సైబర్‌పంక్ 2077, బ్లాక్ మిత్ వుకాంగ్ అలా కాదు, కార్డుని పిండేస్తాయి. ఎవడు ఎక్కడున్నాడు, తూటా ఎటు పోయింది అన్న లెక్కలు ప్రాసెసర్‌వి. ఆ లెక్క చేతికొచ్చాక బొమ్మ గీసేది కార్డు. ఐ7 పక్కన చిన్న కార్డు పెడితే లెక్కలు ముందే తయారై గీసేవాడి కోసం ఎదురుచూస్తుంటాయి. నువ్వు ఐ7కి పోసిన డబ్బంతా ఆ ఎదురుచూపులకే పోతుంది.

కాబట్టి లక్షలో పెద్ద వాటా కార్డుది. ఆర్‌టీఎక్స్ 5060 అయితే 8 జీబీ మెమరీ, 145 వాట్లు. ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీలో 8 జీబీది, 16 జీబీది రెండూ ఉన్నాయి. పేరు రెండిటికీ ఒకటే కాబట్టి పెట్టె మీద అంకె చూసి మరీ తీసుకో. 1080లో చాలా ఆటలకి 8 జీబీ సరిపోతుంది. కానీ కొత్తగా వస్తున్న కొన్ని ఆటల్లో టెక్స్చర్లు పూర్తిగా పెంచితే ఆ హద్దు దాటిపోయి ఆట కుదుపులతో నడుస్తుంది, లేదంటే గోడలూ ముఖాలూ మసకబారతాయి. టెక్స్చర్లు ఒక మెట్టు తగ్గిస్తే సర్దుకుంటుంది. నువ్వు ఈ కార్డుని కనీసం నాలుగేళ్లు వాడతావు కాబట్టి నా ఓటు 16 జీబీకే. ఫ్యాన్ల డబ్బు, ఐ7 తగ్గించగా మిగిలిన డబ్బు ఇటు తోసెయ్.

ప్రాసెసర్‌కి రైజెన్ 5 7600 చాలు. ఆరు కోర్లు, 65 వాట్లు, కూలర్ పెట్టెలోనే వస్తుంది. దీన్నే ఎందుకంటున్నానంటే, ఇది కూర్చునే ఏఎమ్5 సాకెట్ 2022లో వచ్చింది, 9000 సిరీస్ ప్రాసెసర్లు కూడా అందులోనే కూర్చుంటున్నాయి. రేపు ఉద్యోగం వచ్చాక మదర్‌బోర్డు మార్చకుండా ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు. నువ్వు రాసిన ఐ7 సాకెట్ 12, 13, 14 తరాలతో ఆగిపోయింది. పైగా 13, 14 తరాల్లో వోల్టేజీ ఎక్కువై కొన్ని చిప్పులు దెబ్బతింటున్నాయని 2024లో బయటపడింది. ఇంటెల్ సవరణలిచ్చింది, వారంటీ కూడా రెండేళ్లు పెంచింది, అది నిజమే. అయినా మొదటి మెషీన్‌కి ఆ తలనొప్పి ఎందుకు? ఇంకో సంగతి, 7600లో చిన్న గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది. కార్డు వారంటీకి వెళ్లినా నీ ప్రాజెక్టు వర్క్ ఆగదు. ఇంటెల్‌లోనైనా ఏఎమ్‌డీలోనైనా పేరు చివర ఎఫ్ ఉంటే ఆ సౌకర్యం ఉండదు.

ర్యామ్ 16 జీబీ చాలు. ఒకే స్టిక్ కాదు, రెండు ఎనిమిదులు. రెండు చానళ్లు పనిచేస్తే ప్రాసెసర్‌కి దారి వెడల్పవుతుంది. ఏఐ సర్వర్ల గిరాకీ దెబ్బకి 2025 చివర్లో ర్యామ్ ధరలు కొండెక్కాయి కాబట్టి 32 మాట తర్వాత చూద్దాం. ఎస్‌ఎస్‌డీ ఒక టీబీది, ఎన్‌వీఎమ్‌ఈ అయితే చాలు. పెట్టె మీద రాసిన వేగాల గురించి బుర్ర పాడుచేసుకోకు.

ఇప్పుడు ఎస్‌ఎమ్‌పీఎస్, అంటే అన్నిటికీ కరెంటు అందించే డబ్బా. సెకనుకి ఎన్ని బొమ్మలన్న లెక్కలో కనపడదు కాబట్టి అందరూ దీని దగ్గరే మిగుల్చుకోవాలని చూస్తారు. క్యాబినెట్‌తో ఉచితంగా ఇచ్చేది ఇంట్లో పెట్టకు. అలాంటిది పోతే ఒంటరిగా పోదు, బోర్డునీ కార్డునీ వెంట తీసుకుపోయే ప్రమాదం ఉంది. నీ కార్డుకి 160, ప్రాసెసర్ గట్టిగా పనిచేస్తే తొంభైకి దగ్గర, మిగతావన్నీ కలిపి ఓ యాభై. మూడు వందల వాట్ల చుట్టూ తేలుతుంది. 650 వాట్లది, ఐదేళ్లకి తగ్గని వారంటీ ఉన్నది తీసుకో. 80 ప్లస్ ముద్ర కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెబుతుందే తప్ప లోపల రక్షణలు ఎలా ఉన్నాయో చెప్పదు. వారంటీ ఎన్నేళ్లన్నదే నాకు ఇంకా నమ్మకమైన గుర్తు.

ఎంత మంచి ఎస్‌ఎమ్‌పీఎస్ కొన్నా మీ ఇంటి ఎర్త్ సరిగా లేకపోతే ప్రయోజనం సగమే. ఎర్త్ లేని ప్లగ్గులో పెట్టి చెప్పుల్లేకుండా క్యాబినెట్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుంది. ఎస్‌ఎమ్‌పీఎస్ పాడై కాదు. దాని లోపల కరెంటులోని అలజడిని వడగట్టడానికి ఫేజు నుంచీ న్యూట్రల్ నుంచీ ఇనప ఒంటికి చిన్న కెపాసిటర్లు పెడతారు. ఎర్త్ ఉంటే వాటిలోంచి వచ్చే కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే ఆ ఒళ్లు 230లో సగం వోల్టేజీ దగ్గర తేలుతూ ఉంటుంది. నువ్వు ముట్టుకుంటే నీ గుండా దారి వెతుక్కుంటుంది, హెచ్‌డీఎమ్‌ఐ వైరు పెట్టేటప్పుడు కార్డు పోర్టు గుండా వెతుక్కుంటుంది. కొనడానికి ముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించు. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య మీటరు 230 దరిదాపుల్లో చూపాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్టులు దాటకూడదు. మీ ఒంగోలు ఎండలకి ఎర్త్ గుంత ఎండిపోయి ఉంటుంది. నీళ్లు పోసి ఎన్నాళ్లయిందో మీ అమ్మనడుగు.

అదే ఎండల కోసం క్యాబినెట్ ముందు భాగం అద్దంది కాకుండా జల్లెడలా ఉన్నది చూడు, దుమ్ము జాలీ బయటికి తీసి కడుక్కునేలా ఉండాలి. కార్డు పొడవు పడుతుందో లేదో కొలిచి చూసుకో. ఫ్యాన్లు ముందు రెండు, వెనక ఒకటి ఉంటే చాలు. రంగులు నీ ఇష్టం.

కొనడానికి సికింద్రాబాద్ వస్తే పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి నేనూ వస్తాను. ఒక్క దుకాణంలోనే బేరమాడి కూర్చోకు, అదే వస్తువుకి నాలుగు చోట్ల ధర అడుగు. ‘బిల్లు వద్దంటే తగ్గిస్తా’ అంటే వద్దను. సీరియల్ నంబర్లతో జీఎస్టీ బిల్లు ఉండాలి. వారంటీ అడగాల్సిన రోజున మాట్లాడేది ఆ కాగితమే. ప్రాసెసర్ సీలు పెట్టెలో ఉన్నదే అడుగు. ట్రేలో వచ్చేది కాస్త చవకే కానీ కూలర్ రాదు, వారంటీకి అమ్మినవాడి మీదే ఆధారపడాలి.

బిగించేటప్పుడు నేను పక్కన ఉండకపోవచ్చు కాబట్టి నాలుగు మాటలు. బోర్డులో నాలుగు స్లాట్లుంటే ర్యామ్ రెండో స్లాటులో, నాలుగో స్లాటులో పెట్టు. ఏఎమ్5లో పిన్నులు బోర్డు మీదే ఉంటాయి, వేలు తగలనివ్వకు. మొదటిసారి ఆన్ చేస్తే నిమిషాల తరబడి స్క్రీన్ నల్లగానే ఉండొచ్చు. డీడీఆర్5 ర్యామ్‌ని బోర్డు పరీక్షించుకుంటూ ఉంటుంది, కంగారుపడి కరెంటు తీసెయ్యకు. మానిటర్ వైరు బోర్డుకి కాదు, కార్డుకి పెట్టు. బయాస్‌లో ఎక్స్‌పో ఆన్ చెయ్యి, లేకపోతే ర్యామ్ తక్కువ వేగంతోనే నడుస్తుంది. విండోస్‌లోకి వెళ్లి 144 హెర్ట్జ్ ఎంచుకో. చాలామంది కుర్రాళ్లు నెలల తరబడి 60 మీదే ఆడుతూ ఉంటారు, ఆ సంగతి వాళ్లకే తెలీదు.

శనివారం లోపు మార్చిన లిస్టు పంపు, మోడల్ పేర్లు పూర్తిగా రాయి. బోర్డు సంగతి అప్పుడు ఫోన్‌లో మాట్లాడుకుందాం. నాన్న పాత మానిటర్ పారెయ్యకు, రెండో స్క్రీన్‌గా పనికొస్తుంది.

ఉంటా,
మామయ్య