పాత ఇంజను – కొత్త ప్రాణం

నమూనా విమానాన్ని ఎగురవేసే చిన్న ఇంజను అరచేతిలో ఇమిడిపోతుంది. 1947లో అమెరికాకు చెందిన రే ఆర్డెన్ ప్లాటినం తీగచుట్ట గల గ్లో ప్లగ్గును విపణిలోకి తెచ్చిన తరువాత ఇటువంటి ఇంజన్లు బహుళ ప్రచారం పొందాయి. వీటికి మిథనాల్ ఇంధనం. అందులో కలిపే ఆముదం కందెన. కొత్త ఇంజను కొనలేని విద్యార్థికి వాడిన ఇంజనే శరణ్యం.

ఏళ్ల తరబడి మూలనపడిన ఇంజనులో ఆముదం జిగురై గట్టిపడుతుంది. పిస్టన్ కదలదు. చెడిపోయిందని తలచి అమ్మేవారు దానిని చౌకగా ఇస్తారు. కొన్నవారు పట్టకారుతో బలంగా తిప్పితే అది నిజంగానే చెడుతుంది. లోపల ఇంధనం మిగలలేదని నిర్ధారించుకొని, వేడిగాలి తగిలించి, పలుచని నూనె చుక్కలు వేసి, మెల్లగా కదిలిస్తే జిగురు సడలుతుంది.

అయితే అన్ని ఇంజన్లూ బాగుపడవు. సిలిండరు లోపల లోతైన గీతలుంటే విడిచిపెట్టడమే మేలు. తుప్పుపట్టిన బేరింగులను, కాలిపోయిన ప్లగ్గును మార్చవచ్చు. ఆ ఖర్చును కూడా ధరకు కలిపి చూచుకొన్నవాడే వివేకి.

మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకొంటుంది. సముద్రానికి చేరువనున్న కావలి వంటి పట్టణాలలో ఉప్పుగాలి కూడా తోడై తుప్పు త్వరగా పడుతుంది. అందుచేత నడిపిన ప్రతిసారీ మిగిలిన ఇంధనాన్ని పూర్తిగా మండనిచ్చి, నూనె వేసి భద్రపరచాలి. మిథనాల్ విషపదార్థం, దాని మంట పగటివెలుగులో కంటికి ఆనదు. కనుక అనుభవజ్ఞుల సమక్షంలోనే ఇంజనును నడపాలి.

చేతిలో ధనం కొద్దిగా ఉన్నవారికి పరిశీలన, ఓర్పు – ఈ రెండే అసలైన పెట్టుబడి.